గొంతు మీద అరచేయి

1988 సెప్టెంబరు ఐదవ తేదీ, సోమవారం నాడు, తాహితీ దీవులలో ఒకటైన తహఅ ద్వీపపు దక్షిణ తీరంలోని మా ప్రాథమిక పాఠశాలలో శ్రీమతి మరేతా తెహేఉరా గారు చిన్నతరగతి ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. భర్త తిహోనీ గారి పడవలో రేవుకు వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, చెవి వెనుక తియారే పువ్వు సర్దుకుని లోపలికి అడుగుపెట్టిన ఆమె చేతిలో ఆ ఉదయం ఒక్క పుస్తకమూ లేదట. పిల్లల మధ్య చాపమీద కూర్చుని, ఒక్కొక్కరినీ దగ్గరకు పిలిచి, గొంతుమీద అరచేయి ఆనించి, పేరు చెప్పమన్నారట. జ్వరం చూస్తున్నారు కాబోలనుకుని అప్పటి ఆయా, "ఎవరికీ ఒళ్ళు వెచ్చగా లేదండీ టీచరమ్మా, పొద్దున్నే అందర్నీ చూశాను" అన్నదని మా బడిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆనాడు మొదలైన ఆ అరచేతి పాఠం ముప్పై అయిదేళ్ళపాటు నిరాటంకంగా సాగి, ఈ సంవత్సరం జూలై నెలలో ఆమె పదవీ విరమణతో ముగిసింది. ముగిసింది అని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, ఈ వీడ్కోలు సంచికకు రాయవలసిన మాట అదే.

మరేతా గారు 1963లో ఇదే దీవిలో, వెనిల్లా తోటలు సాగుచేసుకునే కుటుంబంలో జన్మించారు. పొద్దెక్కకముందే తల్లి తోటలోకి వెళ్ళి వెనిల్లా పువ్వులను ఒక్కొక్కటిగా కాయ కట్టడానికి వేలికొసలతో పుప్పొడి అద్దుతుంటే, పక్కనే కూర్చుని చూస్తూ పెరిగిన బిడ్డ కాబట్టే ఆమె చేతికి అంత ఓర్పు అబ్బిందని మా పెద్దవాళ్ళ అభిప్రాయం. అక్షరాలు నేర్పినది మాత్రం తాతగారు. ఆయన చర్చిలో డీకనుగా ఉంటూ ఆదివారం బడి నడిపేవారు. ఆ, ఏ, ఫా, హే, ఈ, మో, నూ, ఓ, పీ, రో, తీ, ఊ, వీ అని మా తాహితీ భాషకు ఉన్నవి పదమూడే అక్షరాలు. పిల్లలు ఒక్క ఊపిరిలో పాడేస్తారు. ఇవిగాక దీర్ఘం పలకవలసిన అచ్చు నెత్తిన ఒక అడ్డగీత, గొంతు ఆగవలసిన చోట చిన్న కొక్కెంలాంటి గుర్తు. ఆ కొక్కేన్ని ఏతా అంటాం. ఏతాకు తనదంటూ ధ్వని లేదు. చేపను ఇ-అ అనేటప్పుడూ, పడవను వ-అ అనేటప్పుడూ రెండు అచ్చుల నడుమ గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకుంటుంది. ఆ మూసుకోవడమే ఆ అక్షరం. మా దీవి పేరు చివరన కూడా అది ఉంది. బయటివాళ్ళు తహా అని ఈడ్చుకుపోతారు, మేము తహ-అ అని ఆగుతాం.

"గొంతులో ఒక తలుపుందే పిల్లా" అనేవారట తాతగారు. "వెయ్యాలి, తియ్యాలి. ఎప్పుడూ బార్లా తీసి పెడితే అది మాట కాదు, ఉత్త గాలి."

ఆదివారం బడి అలా ఉంటే, వారపు రోజుల బడి మరోలా ఉండేది. ఆ కాలంలో తరగతి గదిలో పాలకుల భాష ఫ్రెంచి తప్ప మరో మాట వినపడకూడదు. ఇంటి మాట నోరు జారిన పిల్లలు మధ్యాహ్నం ఎండలో పెరటి గడ్డి పీకాలి. తాతగారి దగ్గర పెరిగిన మరేతా గారికి నోరు తరచుగానే జారేది. "మా రోజుల్లో ఆ పెరట్లో గడ్డి మొలవడానికే భయపడేది" అని ఆమె నవ్వుతూ చెప్పినా, ఎండాకాలం వచ్చిందంటే వేళ్ళు చూసుకునే అలవాటు మాత్రం ఆమెకు నిన్నమొన్నటిదాకా పోలేదు. ఇంటి మాటను బడిలో నేర్పవచ్చునని పైవారు ఒప్పుకున్న కొత్తలోనే ఆమె ఉద్యోగంలో చేరడం, అదీ అక్షరాలు నేర్పే చిన్నతరగతినే కోరి తీసుకోవడం, తాతగారి ఆత్మకు శాంతి కలిగించి ఉంటుందని మేము నమ్ముతున్నాము.

ఆమె బోధనా పద్ధతి సరళమైనది, కానీ ఇతరులెవరికీ అంత సులువుగా చేతకానిది. బిడ్డ చేతిని తన గొంతుమీద పెట్టుకుని ముందు తాను పలికేవారు; తరువాత తన చేతిని బిడ్డ గొంతుమీద పెట్టి పలికించేవారు. "చెవి మోసపోతుంది గానీ చెయ్యి మోసపోదు" అనేవారు. తప్పు పలికితే కోపగించుకోరు, బాగా పలికితే పొగడరు. రెండింటికీ ఒకే మాట: "ఇంకోసారి." ఆ మాట ఎన్ని వేలసార్లు ఆ గదిలోంచి, మేము పనిచేసే బడి వంటశాలకు వినిపించిందో లెక్కలేదు. చేమదుంపలు తరుగుతూ మాకు మేమే "ఇంకోసారి" అనుకుని మరో దుంప అందుకునేవాళ్ళం.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే ఈ సంచిక నిండదు. ఆమె ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో తేమానా అనే కుర్రాడికి, ఇవాళ మా రేవునుంచి పక్క దీవిలోని ఉతురోవా పట్నానికి పడవ నడిపే ఆ తేమానాకే, ఏతా ఎంతకీ పట్టుబడలేదు. ఒకనాడు పాఠం మధ్యలో వాడికి ఎక్కిళ్ళు వచ్చాయి. మరేతా గారు వెంటనే వాడిని ముందుకు పిలిచి, పిల్లలందరి చేతులూ వంతులవారీగా వాడి గొంతుమీద పెట్టించి, "ఇదిగో, తలుపు పడుతోంది చూడండి, ఇదే ఏతా!" అని చూపించారు. అంతే. మర్నాటికి తరగతి తరగతంతా ఎక్కిళ్ళే. ఆ మరునాడు పొద్దున్నే తేమానా తల్లి వాడిని రెక్క పుచ్చుకుని లాక్కొచ్చింది.

"ఏమండీ టీచరమ్మా, నేను వీణ్ణి బడికి పంపింది అక్షరాలకా, ఎక్కిళ్ళకా?"

"అక్షరాలకేనమ్మా."

"మరి నిన్న బడి నుంచి వచ్చినప్పట్నుంచీ ఆగితే ఒట్టు! నీళ్ళు తాగించాను, వెనకనుంచి దడిపించాను, ఆఖరికి వాళ్ళ నాన్న కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు!"

మరేతా గారు తేమానా వైపు చూసి, "ఏదిరా, ఆపు" అన్నారు. ఆపాడు. "ఇప్పుడు చెయ్యి." చేశాడు. "చూశారా అమ్మా, వాడికి రోగం కాదు, విద్య వచ్చింది. వచ్చింది కాబట్టే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపుతున్నాడు."

"ఓహో, విద్యా! మరి గడ్డికోతకి రమ్మంటే మాత్రం ఎక్కిళ్ళు ఆగడం లేదే ఈ విద్వాంసుడికి!" అని తల్లి వాడి నెత్తిన ఒక్కటి ఇచ్చిందట. ఇప్పటికీ రేవులో తేమానా కనిపిస్తే ముసలివాళ్ళు "ఏరా, తగ్గాయా?" అని అడుగుతారు. అతను వెంటనే ఒక ఎక్కిలి తీసి చూపిస్తాడు.

ఆ తరువాతి కాలంలో మరేతా గారు ఉతురోవాలోని పెద్దబడికి రమ్మని వచ్చిన పిలుపులను సవినయంగా తిరస్కరించి, ఇదే చాపమీద, ఇదే కిటికీ పక్కన తమ సేవను కొనసాగించారు. జూలై ఉత్సవాలకు ముందు పిల్లలు పూర్వుల మాటలు కంఠస్థం చేసి సభలో నిలబడి చెప్పే పోటీలు జరిగినప్పుడల్లా, ఆమె వేదిక పాదాల దగ్గర నేలమీద కూర్చుని, తన గొంతుమీద తానే చెయ్యి పెట్టుకుని, పెదవులు కదపకుండా పిల్లలతోపాటు ప్రతి మాటా పలికేవారు. అక్షరాలు నేర్పవలసిన బాధ్యత పిల్లలవరకే అని ఆమె ఎన్నడూ అనుకోలేదు. నడుమలో చదువు ఆగిపోయి, చంకలో బిడ్డతో వంటశాలలో పనికి చేరిన మాలాంటివారికి కూడా, సీమపనసకాయలు కాలుస్తున్న పొయ్యి పక్కన నిలబడే, మాకు రాని మాటలు పలికించారు. రెండేళ్ళు నిండినా నోట మాట రాని బిడ్డను చూసుకుని ఒక తల్లి రోజూ కుమిలిపోతుంటే, ఆమె ఆ బిడ్డ ఊ కొడుతున్నప్పుడు గొంతుమీద చెయ్యి ఆనించి, "తలుపు పడుతోందమ్మా. ఇల్లు గట్టిదే. లోపలివాళ్ళు ఇంకా లేవలేదు, అంతే. నువ్వు తిండి మానెయ్యకు" అన్నారు. ఆ బిడ్డ ఇప్పుడు మాట్లాడుతున్నది. ఆ తల్లి ఆ మాటను ఎన్నటికీ మరచిపోదు.

అయితే ఊరందరి బిడ్డలకూ అక్షరాలు పెట్టిన ఈ తల్లి తన ఏకైక కుమార్తెకు మాత్రం పెట్టలేదు. ఈ సంగతి ఆమె దాచుకున్నది కాదు, మా అందరి ఎదుటా అనేకసార్లు చెప్పుకున్నదే. రాయమని ఆమే అనుమతి ఇచ్చారు. కుమార్తె తేఓరా పుట్టినప్పుడు మరేతా గారి వేళ్ళలో ఇంకా ఆ పెరటి గడ్డి పచ్చిగానే ఉంది. ఉద్యోగం ఇంకా రాలేదు, బడుల్లో కాలం మారుతుందని నమ్మకమూ లేదు. నా బిడ్డ ఎండలో కూర్చోకూడదు అనుకుని, భర్తతో ఒప్పందం చేసుకుని, ఇంట్లో ఫ్రెంచి తప్ప మాట్లాడకుండా పెంచారు. అప్పట్లో మా దీవిలో ఎంతోమంది తల్లులు చేసిన పనే అది. తరువాత బడిలో తానే అక్షరాలు నేర్పడం మొదలుపెట్టినా, అప్పటికే ఇంటి అలవాటు గట్టిపడిపోయింది. పగలంతా పరాయి పిల్లల గొంతులమీద ఉన్న చెయ్యి సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అలసిపోయేది.

తేఓరా పెరిగి ఉతురోవా తపాలా కార్యాలయంలో ఉద్యోగం సంపాదించుకుంది. తొలిచూలు బిడ్డను అమ్మమ్మ తాతలకు పెంపకానికి ఇవ్వడం మా ఆచారం కాబట్టి, ఆమె పెద్దకూతురు మీహీ పాలు మరచిన నాటినుంచీ మరేతా గారి ఇంట్లోనే పెరుగుతున్నది. శనివారం శనివారం తేమానా పడవలో తేఓరా బిడ్డను చూసిపోవడానికి వస్తుంది. వచ్చినప్పుడు మీహీ, అమ్మమ్మా తాహితీ భాషలో కబుర్లాడుకుంటుంటే తాను మధ్యలో అతిథిలా కూర్చునేది. కొంచెం అర్థమయ్యేది, పలకబోతే నాలుక మడతపడేది.

"ఊళ్ళో కోడిపిల్లలక్కూడా అక్షరాలు నేర్పావమ్మా, నన్నొక్కదాన్నీ వదిలేశావు" అని ఒకసారి బడి వార్షికోత్సవంలో అందరి ముందూ అంది.

"నేను రిటైరవనీ. మొట్టమొదటి శిష్యురాలివి నువ్వే. రోజంతా నీదే."

"నా గొంతు ముదిరిపోయింది."

"ముదిరిన సీమపనసే కాలిస్తే రుచి. రా, నీ పని చెబుతాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాట ఏటేటా నడిచింది. ఇంకా కొన్నాళ్ళు, ఇంకా కొన్నాళ్ళు అని. పదవీ విరమణ అనగానే మిగతావారు విశ్రాంతి తలచుకుంటారు. మరేతా గారు మాత్రం ఆ ఒక్క పాఠం కోసమే ఆ రోజుకు ఎదురుచూశారని మేము నిస్సందేహంగా చెప్పగలము.

కిందటి సంవత్సరం ఆమె మెడ దగ్గర ఒక గడ్డ కనిపించింది. రాజధాని పాపేతేలోని పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు, శస్త్రచికిత్స జరిగింది. ప్రాణానికి భయం లేదని వైద్యులు చెప్పినప్పుడు మేమందరం చర్చిలో మోకరించి కృతజ్ఞతలు చెప్పుకున్నాము. స్వరతంతువులలో ఒకటి మాత్రం కదలడం మానేసిందని, ఇలాంటి వ్యాధికి ఒక్కొక్కప్పుడు అలా జరుగుతుందని, స్వరం మళ్ళీ రాకపోవచ్చునని కూడా వారే చెప్పారట. ఆ రెండవ మాట మాకు ఆలస్యంగా తెలిసింది.

సెలవులు ముగిసి ఆమె బడికి వచ్చిన ఉదయం మెడచుట్టూ పలచని తెల్ల గుడ్డ చుట్టుకున్నారు. అలవాటు ప్రకారం చాపమీద కూర్చుని, కొత్తగా చేరిన ఒక పసిపాప చేతిని గొంతుమీద పెట్టుకుని, ఇ-అ అనబోయారు. గాలి వచ్చింది. అచ్చులు గుసగుసగా, అరిగిన బట్టలాగ వచ్చాయి. రెండింటి నడుమ ఆగవలసినది ఆగలేదు. ఆ పాప చాలాసేపు చెయ్యి తీయకుండా ఎదురుచూసి, "టీచరమ్మా, మీ తలుపు పడటం లేదు" అంది.

ఆమె పాప తల నిమిరారు. ఆ పూట ఇంకెవరి చేతినీ తన గొంతుమీదకు తీసుకోలేదు.

ప్రధానోపాధ్యాయులు తౌతూ గారు దయార్ద్రహృదయులు. మధ్యాహ్నం భోజనాల వేళ వంటశాలకు వచ్చి, ఆమెకు ఎదురుగా బల్లమీద కూర్చున్నారు.

"మరేతా గారూ, సెలవు పెట్టండి. ఏడాది ముందు విరమించినా మిమ్మల్ని అడిగేవారెవరూ లేరు. పింఛను సంగతి నేను చూసుకుంటాను."

ఆమె దగ్గరగా వంగమని సైగచేసి, గుసగుసగా అన్నారు: "నోరు పోయింది గానీ చెయ్యి పోలేదు కదండీ."

"చేత్తో అక్షరాలెలా చెబుతారండీ?"

"చెప్పను. పుచ్చుకుంటాను."

ఆమె అన్నమాట అర్థమవడానికి తౌతూ గారికి వారం పట్టింది, మాకు ఇంకా ఎక్కువే పట్టింది. ఆమె చేసినది ఇది. మనుమరాలు మీహీ అదే తరగతిలో ఉంది, దానికి తలుపు గట్టిగా పడుతుంది. మరేతా గారు మీహీని పక్కన కూర్చోబెట్టుకుని, కొత్తబిడ్డ చేతిని మీహీ గొంతుమీద పెట్టి, తన చేతిని కొత్తబిడ్డ గొంతుమీద పెట్టేవారు. మీహీ పలుకుతుంది, కొత్తబిడ్డ పలుకుతుంది, మధ్యలో ఆమె చెయ్యి వింటుంది. సరిగా రాకపోతే తల అడ్డంగా ఊపి, గాలిలాంటి ఆ గొంతుతో "ఇంకోసారి" అంటారు. ఒక బిడ్డకు వచ్చాక ఆ బిడ్డనుంచి మరో బిడ్డకు. నెలలు తిరిగేసరికి ఆ తరగతిలో పిల్లలు ఒకరి గొంతు ఒకరు పట్టుకుని కూర్చోవడం చూసి, కొత్తగా వచ్చిన నర్సు కొట్టుకుంటున్నారేమోనని పరుగెత్తింది.

బయటికి ఆమె ఎంత ధైర్యంగా ఉన్నా, ఒకనాడు వంటశాలలో వేడినీళ్ళ కోసం వచ్చి, గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా నిలబడిపోయారు. అక్కడ ఉన్నది కూరలు తరిగేవాళ్ళం ఇద్దరమే. "అందరికీ ఏదో ఒకలా వచ్చేస్తుందమ్మా" అన్నారు, ఆ గుసగుస కూడా తెగిపోతూ. "తేఓరాకి నేను బాకీ పడిపోయాను. దానికి నా గొంతులోంచి ఇద్దామనుకున్నాను. రేపూ రేపూ అని కూర్చున్నాను."

నీళ్ళు చల్లారిపోయాయి, వేరే పోసి ఇచ్చాము. ఆ సాయంత్రం ఇంటికి పోయి మా పిల్లలతో మామూలుకన్నా ఎక్కువ మాట్లాడాము. మాలో ఇంట్లో ఫ్రెంచే మాట్లాడే వాళ్ళుకూడా ఉన్నారు.

ఆ మాట తేఓరా చెవిని ఎవరు వేశారో ఇక్కడ రాయనక్కరలేదు. తరువాతి శనివారం నుంచి ఆమె తేమానా పడవలో వచ్చీరాగానే ఇంటికి పోకుండా, రేవుకు ఎదురొచ్చిన మీహీని వెంటబెట్టుకుని మా వంటశాల వెనుక, సీమపనసకాయల గుట్ట పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. వాళ్ళ అమ్మగారికి తెలియకూడదని మా చేత ఒట్టు వేయించుకుంది. ఆ శనివారాలు మాకు సెలవే అయినా, ఏదో ఒక వంకన బడికి వచ్చి, వినకుండా ఉండగలిగామని చెప్పలేము.

"అమ్మా, నోరు మూస్తున్నావు. నోరు కాదు, గొంతు!"

"గొంతు మూస్తే ఊపిరెలా ఆడుతుందే?"

"ఒక్క చిటికె. చచ్చిపోవులే. అన్నాన్ని ఏమంటాం? మా-అ. అను."

"మా... హ్."

"అది అన్నం కాదమ్మా, దగ్గు."

వంటశాల కిటికీలోంచి ఎవరో అన్నారు: "ఏమే తేఓరా, పోస్టాఫీసులో జనాన్ని ఈ గొంతుతోనే పిలుస్తున్నావా? పాపం, సగం ఉత్తరాలు అందుకే చేరడం లేదు!"

"మీరు కాయలు కాల్చుకోండక్కా, మాడుతున్నాయి!" అని లోపలికి అరిచి, తేఓరా మళ్ళీ కూతురి వైపు తిరిగేది. మీహీ తల్లి చేతిని లాగి తన చిన్న మెడమీద పెట్టుకుని, చాలా పెద్దమనిషిలా అనేది: "ఇంకోసారి."

ఒక శనివారం తేఓరా సగంలో లేచిపోయింది. నలభైకి దగ్గరపడ్డ మనిషిని, ఏడేళ్ళ పిల్లచేత తిట్లు తింటున్నాను, నాకు రాదు, వదిలెయ్యండి అని కళ్ళు తుడుచుకుంటూ రేవువైపు వెళ్ళింది. తేమానా పడవ తాడు విప్పలేదు. "ఎక్కించుకోనక్కా" అన్నాడు. "నాకు ఎక్కిళ్ళతో వచ్చింది. నీకు ఏడుపుతో వస్తుందేమో. వెళ్ళు, వెళ్ళి కూర్చో." ఆమె వెనక్కు వచ్చింది.

జూలై మొదటి శుక్రవారం బడి మూసేరోజు. సముద్రం వైపు ఉన్న రేకుల పందిరి కింద కార్యక్రమం. కొబ్బరిపాలలో నానబెట్టిన పచ్చిచేప, కాల్చిన సీమపనస, చేమాకు కూర, అన్నీ మా వంటశాల చేతులమీదుగా సిద్ధమయ్యాయి. దీవి విడిచిపోయేవారికి గవ్వల దండలు వేయడం ఆనవాయితీ. మరేతా గారు దీవి విడిచి ఎక్కడికీ పోవడం లేదు, అయినా దండల బరువుకు ఆమె మెడ వంగిపోయింది. ఆ దండల కింద తెల్లగుడ్డ కనిపించలేదు. ప్రసంగాలు జరిగాయి. తౌతూ గారు రెండు వాక్యాలు చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

అప్పుడు పిల్లలు వరుసగా వచ్చారు. ఎవరు చెప్పారో, వాళ్ళకు వాళ్ళే అనుకున్నారో తెలియదు. ప్రతి బిడ్డా ఆమె కుడిచేతిని తీసుకుని, తన గొంతుమీద పెట్టుకుని, తనకు నచ్చిన ఒక్క మాట పలికింది. ఒకరు చేప అన్నారు, ఒకరు పడవ అన్నారు. ఇంట్లో ఫ్రెంచి తప్ప వినని ఒక బక్కపలచని పాప దీవి పేరు చెప్పింది, చివరన గట్టిగా ఆగి మరీ. పిల్లల వెనుక పెద్దవాళ్ళు కలిశారు, పాత విద్యార్థులు. తేమానా వంతు వచ్చేసరికి అతను మాట బదులు ఒక ఎక్కిలి తీశాడు. పందిరంతా నవ్వింది. మరేతా గారు కూడా నవ్వారు. ఆ నవ్వుకు శబ్దం లేదు, భుజాలు మాత్రం కదిలాయి.

వరుస చివర తేఓరా నిలబడి ఉంది.

ఆమెను చూసి మరేతా గారు వీడ్కోలు ముద్దు పెట్టబోతోందనుకుని చెంప ముందుకు చాపారు. తేఓరా చెంప తాకలేదు. తల్లి చేతిని తీసుకుని తన గొంతుమీద పెట్టుకుంది. మీహీ పక్కనుంచి తల్లి గౌను అంచు లాగింది. అప్పుడు మొదలుపెట్టింది. ఆ, ఏ, ఫా, హే. పిల్లలు పాడినట్టు ఒక్క ఊపిరిలో కాదు. నీళ్ళలో రాయిమీద రాయి చూసుకుని అడుగు వేసినట్టు. ఈ, మో, నూ. ఓ, పీ, రో, తీ, ఊ, వీ. పదమూడూ అయ్యాయి. తరువాత, మాకు బాగా తెలిసిన మాట, వంటశాల వెనుక దగ్గుగా మొదలైన మాట.

"మా-అ."

తలుపు పడింది. మాకు వినిపించింది. గట్టిగా పడలేదు, గాలికి ఓరగా కొట్టుకున్నట్టు పడింది.

మరేతా గారు చెయ్యి తీయలేదు. ఆమె ముఖం ఆ క్షణాన ఎలా ఉన్నదో రాయడం మాకు చేతకాదు. బాగుంది అనలేదు, ఏడవలేదు, కూతుర్ని దగ్గరకు తీసుకోలేదు. ముప్పై అయిదేళ్ళుగా ప్రతి బిడ్డనూ చూసినట్టే చూసి, మిగిలిన ఆ కాస్త గాలితో అన్నారు:

"ఇంకోసారి."

తేఓరా ఇంకోసారి అంది. మరోసారి కూడా అంది. చూస్తున్నవాళ్ళు అన్నాల దగ్గరికి వెళ్ళిపోయారు, చేప వేడెక్కిపోతుందని మేమూ లేవవలసి వచ్చింది. తిరిగి వచ్చి చూస్తే దండలు తీసి పక్కన పెట్టి, ఇద్దరూ చాపమీద ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మీహీ మధ్యలో కూర్చుని చేప తినేస్తోంది.

మరేతా గారి స్వరం తిరిగి వస్తుందని మేము ఈ సంచికలో ఆశ కల్పించదలచుకోలేదు. ఆమెకు అబద్ధాలు గిట్టవు. ఆమె స్థానంలో ఎవరు వస్తారో ఇంకా ఉత్తర్వులు రాలేదు. చిన్నతరగతి కిటికీ పక్కన చాప చుట్టి పెట్టి ఉంది. ఆ గుమ్మం ముందునుంచి పోయేటప్పుడు మా చేతిలో గిన్నె ఉన్నా లేకపోయినా అడుగు దానంతటదే నెమ్మదిస్తున్నది. ఆ లోటు తీరేది కాదు.

అందువల్ల మా వంటశాల సిబ్బంది పక్షాన, ఆమె అరచేతి కింద అక్షరాలు నేర్చుకున్న బిడ్డలందరి పక్షాన, మేము దేవుని అడిగేది కొద్దిగానే. శ్రీమతి మరేతా తెహేఉరా గారికి తిహోనీ గారి సాహచర్యంలో నొప్పిలేని శరీరాన్ని, ఆకలిగల పూటలను, దీర్ఘమైన ఆయుష్షును ప్రసాదించమని. మీహీ బిడ్డలు అక్షరాలు దిద్దేనాటికి కూడా ఆ అరచేయి ఇంత వెచ్చగానే ఉండేలా చూడమని. ప్రతి శనివారం పడవ దిగి వచ్చే ఆ పెద్ద విద్యార్థినికి పాఠం త్వరగా పూర్తికాకుండా, ఏళ్ళ తరబడి "ఇంకోసారి" అనిపించుకుంటూనే ఉండే భాగ్యం కలిగించమని.

— వైమీతీ
పాఠశాల భోజనశాల